ఆకు పలికెడి సాక్ష్యము

నోరులేని ప్రాణికి నష్టము కలిగినప్పుడు దాని పక్షమున మాటలాడుటకు లోకమున పెక్కుమంది బయలుదేరుదురు. పసిబిడ్డకు జ్వరము వచ్చినచో దిష్టి యందురు. ఆవు పాలు తగ్గినచో పొరుగువాని కన్ను సోకినదందురు. పెరటి మొక్క వాడినచో ఇంటి ఆడుదాని మైల తగిలినదందురు. బిడ్డ చెప్పలేదు, ఆవు చెప్పలేదు, మొక్క అసలే చెప్పలేదు. కావున చెప్పువారి మాటయే చెల్లుచు వచ్చినది. అయితే మొక్క విషయమున మాత్ర మీ వ్యవహార మిప్పుడు మారినది. వేడిమిచే గాని చలిచే గాని బాధపడిన యాకు తన బాధను తానే తెలుపుచుండునని, ఆ తెలుపుటకు దానికి నోటికి బదులు వెలుగు కలదని, దాదాపు రెండువందల యేండ్లుగా పండితులు కొంచెము కొంచెముగా కనుగొనుచు వచ్చిరి. ఆ చరిత్రమును మా చదువరుల యిండ్లలో వినిపింపవలెనని మా కోరిక. ఏల వినిపింపవలెనో ముందుగా నొక చిన్న సంగతి వలన తెలుపుదుము.

విస్సన్నపేట మా స్వగ్రామము. తిరువూరు ప్రాంతమున నున్న యీ యూరు వెనుక కృష్ణాజిల్లాలో నుండెను. 2022లో నేర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో ఇప్పుడున్నది. చుట్టును మామిడితోటలు. వేసవి వచ్చినదన్న నీ సీమలో పండ్లకు పండుగ, మనుష్యులకు పరీక్ష. రోహిణి కార్తెలో రోళ్లు పగులునన్న సామెత మాకు సామెతగా దోపక, ప్రతి సంవత్సరమును కన్నులార చూచు వార్తగానే తోచెడిది.

మా చిన్ననాట మాకు తెలిసిన యొక యింటి పెరటిలో తమలపాకు తీగె యుండెను. దానిపై తాటాకు పందిరి వేసి, ఆ యింటి పెద్దామె బిడ్డవలె పెంచెడిది. ఒక వైశాఖమున ఆ యింట వివాహము తటస్థించెను. ముంగిటి పెండ్లిపందిరికి తాటాకులు చాలక, తీగెమీది తాటాకులను విప్పి తెచ్చి అక్కడ పరచిరి. పెండ్లియైన వారము దినములలో తీగె యాకులు మొదట పాలిపోయి, పిమ్మట మచ్చలు కట్టి, చివరకు మాడిపోయెను. ఆ దినములలోనే ఆ యింటి క్రొత్తకోడలు బయట చేరి యుండెను. అత్తగారు తీగెను చూచి, పిదప కోడలిని చూచి, “నీ అడుగు పడి నా తీగె కాలిపోయిందే” అనెను. “నేనటు పోనేలేదత్తయ్యా” అని యా పిల్ల చెప్పిన మాట నెవ్వరును వినలేదు. నాటినుండి నెలకు మూడు దినములు ఆమెకు వసారా మాని గొడ్లపాక బసయైనది. విప్పిన పందిరిని గూర్చి యొక్కరును పలుకలేదు. మేమును అప్పుడు పలుకలేదు, మాకు తెలియలేదు.

ఈ నమ్మకము మన దేశమునకే పరిమితమైనదని చదువరులు తలంపవలదు. క్రీస్తు శకము మొదటి శతాబ్దమునందలి రోమను పండితుడు ప్లినీ తన ప్రకృతి చరిత్ర గ్రంథమున ఋతుమతియైన స్త్రీ సోకిన పైరులు చెడునని వ్రాసియున్నాడు. అది ప్రాచీనుల మాటయని త్రోసివేయుటకును వీలులేదు. 1920లో వియన్నా నగరమున బేలా షిక్ అను ప్రసిద్ధ శిశువైద్యుడు తన యింటి పనికత్తె చేతిలో పూలు వాడుట చూచి, ఋతుమతుల చెమటలో నొక విషము కలదని ప్రకటించెను. గొంతువాపు రోగమును గుర్తించు పరీక్షకు తన పేరు పెట్టబడినంతటి ఘనుడాయన. ఆ దశకముననే అమెరికాలో కొందరు మొలకలపై ప్రయోగములు చేసి ఆ మాటకు బలము కూర్చిరి. తరువాతివారు పరీక్షింపగా, తగిన పోలికలు పెట్టుకొనక చేసిన ప్రయోగములని తేలి, ఆ విషము వైద్యశాస్త్రమునుండి తొలగిపోయినది. మన అత్తగారి నోట మాటయు, వియన్నా వైద్యుని కలము వ్రాతయు నొక్క తప్పునే చేసినవి: మొక్కను అడుగక స్త్రీని అడిగినవి.

అయినచో మొక్క నడుగుట యెట్లు? ఆ కథకు మొదలు పారిసు నగరమున నున్నది. 1818లో పెల్లెటియే, కావెంటూ అను నిరువురు రసాయనజ్ఞులు ఆకులలోని పచ్చని పదార్థమునకు క్లోరోఫిల్ అని పేరిడిరి. మన భాషలో దానిని పత్రహరిత మనుచున్నాము. ఈ యిరువురే 1820లో సింకోనా పట్టనుండి క్వినైనును వేరుచేసి, చలిజ్వరముతో నల్లాడు లోకమునకు మహోపకారము చేసిరి. ఆ రెండు పదార్థములును మన కథలో మరల కలిసికొనును.

1834లో స్కాట్లండు దేశపు పండితుడు డేవిడ్ బ్రూస్టర్ ఆకుల పసరును సారాయిలో దించి, దానిలోనికి సూర్యకిరణమును పంపెను. పచ్చని ద్రవములో కిరణము పోవు దారి పచ్చగా నుండక నెత్తురువలె నెర్రగా వెలిగెను. ఆయన యాశ్చర్యపడి వ్రాసియుంచెనే కాని, కారణము సరిగా చెప్పలేకపోయెను. 1852లో కేంబ్రిడ్జి పండితుడు జార్జి స్టోక్సు క్వినైను ద్రవము నీలికాంతి నిచ్చుటను పరీక్షించి, ఒక రంగు వెలుగును మ్రింగి వేరొక రంగు వెలుగును వెడలించుట కొన్ని పదార్థముల స్వభావమని తేల్చెను. ఆ వెడలిన వెలుగు మ్రింగిన వెలుగుకంటె సామాన్యముగా తక్కువ శక్తి గలదై యుండును. ఆయన దానికి పెట్టిన పేరునకు మనవారు ప్రతిదీప్తి యను మాట వాడుచున్నారు. బ్రూస్టరు చూచిన యెరుపు పత్రహరితము యొక్క ప్రతిదీప్తియే.

దీనిని మా చదువరులు తమ యింటనే చూడవచ్చును. నాలుగు పాలకూర ఆకులను నలిపి, గాయములు తుడుచు స్పిరిటులో కొంతసేపు నానవేసి, గుడ్డతో వడకట్టి, గాజు గ్లాసులో పోయవలెను. పొయ్యికిని దీపమునకును దూరముగా నుండవలెను, ఏలయన స్పిరిటు త్వరగా నంటుకొనును. చీకటి గదిలో, దొంగనోట్లు గుర్తించు ఊదాదీపమును దానిపై వేసి ప్రక్కనుండి చూచినచో, పచ్చని నీరు ఎర్రగా మెరయును. పిల్లలకిది చూపినచో వారు పది పాఠములకంటె నెక్కువగా జ్ఞాపకముంచుకొందురని మా యనుభవము.

ఇక 1874వ సంవత్సరము. ఆ యేట కందుకూరి వీరేశలింగము పంతులుగారు వివేకవర్ధనిని ప్రారంభించి, నమ్మకములను ప్రశ్నించుట తెలుగువారికి నేర్పసాగిరి. ఆ యేటనే జర్మనీలో ముల్లరు అను వృక్షశాస్త్రజ్ఞుడు, బ్రతికియున్న యాకుయొక్క ప్రతిదీప్తి పసరు ప్రతిదీప్తికంటె మిక్కిలి తక్కువగా నుండునని గమనించి, తక్కువైన శక్తి యాకు తన యాహారము వండుకొనుటకు వినియోగపడుచున్నదేమో యని యూహించెను. ఒకరి నొకరెరుగని యీ యిరువురు పెద్దలు నొక్క పనియే చేసిరని మేము తలంతుము: కంటికి కనబడిన దానిని పట్టుకొని, ఏల యిట్లున్నదని యడిగిరి.

ఆ యూహను రుజువు పరచిన ఖ్యాతి హాన్సు కౌట్‌స్కీ గారిది. 1931లో జర్మనీలోని హైడెల్బర్గు పట్టణమున ఆయనయు హిర్షు అను సహాయుడును కలిసి, కొంతసేపు చీకటిలో నుంచిన పచ్చియాకుపై నీలికాంతిని హఠాత్తుగా ప్రసరింపజేసి, ఎర్రగాజు గుండ కన్నులతోనే చూచిరి. ఆకు తటాలున నెర్రగా వెలిగి, పిమ్మట కొన్ని నిమిషములలో మెల్లమెల్లగా మందగించెను. ఆకు పనికి పూనుకొన్నకొలది వెలుగు తగ్గినదన్నమాట. వారు ప్రకటించినది చాల చిన్న వ్యాసము. దానినుండి యొక శాస్త్రమే పుట్టినది. 1940లో అమెరికాలో మెకాలిస్టరు, మయర్సు అనువారు ఆకు పీల్చు బొగ్గుపులుసు వాయువును, ఆకు విడుచు వెలుగును నొక్కసారిగా కొలిచి, ఆ రెంటికిని గల సంబంధమును లెక్కలతో చూపిరి.

ఈ వ్యవహారమును మన చెరువులతో పోల్చినచో సులభముగా బోధపడును. ఆకుపై పడిన వెలుగు చెరువులోనికి వచ్చు నీరనుకొందము. ఆ నీటికి మూడు దారులు. తూము గుండ పొలమునకు పోవునది మొదటిది; అది ఆకు తన యన్నము వండుకొనుట. అలుగు మీదుగా పొర్లిపోవునది రెండవది. అది వేడిగా మారి వృథాయగుట. గట్టు క్రింద చెమర్చు నూట మూడవది, అదియే ప్రతిదీప్తి. బ్రతికియున్న యాకులో నీ యూట నూటికి ఒకటి రెండు పాళ్లకు మించదు. అయినను గట్టు క్రింద కూర్చుండి యూటను కొలుచు తెలివిగలవాడు, చెరువును చూడకుండగనే, తూము తెరచియున్నదో మూసియున్నదో చెప్పగలడు. తూము తెరచినచో నీరు దిగి యూట తగ్గును. మూసినచో నీరు పెరిగి యూట హెచ్చును. 1963లో హాలండు పండితుడు డైసెన్సు తన సహాయుడైన స్వీర్సుతో కలిసి, ఆకులో నీ తూము పనిచేయు పదార్థ మొకటి కలదని నిరూపించెను.

తరువాతి వారీ కొలతకు నొక లెక్కను కూర్చిరి. చీకటిలో విశ్రమించిన యాకులో తూములన్నియు తెరచియుండును. అప్పటి యూట కనిష్ఠము. తీక్ష్ణమైన వెలుగు నొక క్షణము మెరపించినచో తూములన్నియు మూసికొనును. అప్పటి యూట గరిష్ఠము. గరిష్ఠమునుండి కనిష్ఠమును తీసివేసి, వచ్చిన దానిని గరిష్ఠముతో భాగించిన సంఖ్య ఆకు యారోగ్యమును తెలుపును. 1987లో బ్యోర్క్‌మాన్, డెమ్మిగ్ అనువారు భిన్నదేశముల మొక్కలను నలువది జాతులకు పైగా పరీక్షింపగా, ఆరోగ్యముగల యాకులన్నిట నీ సంఖ్య ఇంచుమించు 0.83 గానే యుండెను. ఎడారి మొక్కయైనను అడవి మొక్కయైనను నొక్కటే. మనుష్యులకు జ్వరమానిలో 98.6 ఎట్టిదో ఆకులకిది యట్టిది. ఈ సంఖ్య తగ్గినచో ఆకు బాధపడుచున్నదన్నమాట. మచ్చ కనబడుటకు ముందే, రంగు మారుటకు ముందే ఈ లెక్క తగ్గును. 1986లో జర్మనీలో ష్రైబరు మొదలగువారు పట్టపగటి యెండలోను ఈ యూటను కొలువగల యంత్రమును కల్పించుటతో పరిశోధకులు పొలములకే బయలుదేరిరి.

ఇప్పుడు వేడిమి సంగతికి వత్తము. వేడిమి మొక్కను చంపునని ఎల్లవారికిని తెలియును. ఎంత వేడిమి యని తొలుత శ్రద్ధగా కొలిచినవారిలో జర్మనీ పండితుడు యూలియస్ సాక్సు ముఖ్యుడు. 1864లో ఆయన అనేకములైన మొక్కలు సెంటిగ్రేడు మానమున 50 డిగ్రీల ప్రాంతమున స్వల్పకాలములోనే చచ్చునని తెలిపెను. మన దేశమున ఆచార్య జగదీశచంద్ర వసువుగారు 1906లో ప్రకటించిన గ్రంథమున, మెల్లగా వేడిచేసిన మొక్క ఇంచుమించు 60 డిగ్రీల వద్ద నొక కడపటి యీడ్పు నిచ్చి మరణించునని తన యంత్రములతో గీసి చూపిరి. మొక్కకు బాధ కలదని, అది కొలువదగినదని చెప్పిన ఆ మహనీయుని నాడు కొందరు నవ్విరి. అయితే చావును గుర్తించుట వేరు, చావునకు ముందు బాధను గుర్తించుట వేరు. ఆ రెండవ పని ప్రతిదీప్తి వలన సాధ్యమైనది.

1977లో ష్రైబరు, బెర్రీ అనువారు ఆకును మెల్లగా వేడిచేయుచు కనిష్ఠపు టూటను కనిపెట్టియుండిరి. ఒక మేర వరకు అది కదలలేదు. ఆ మేర దాటగనే హఠాత్తుగా పైకి లేచెను. తూములు తెరచియున్నను ఊట హెచ్చినదన్న గట్టే సడలినదని యర్థము. ఆ లేచిన మేరయు, ఆకుయొక్క పాకశాల పాడగు మేరయు నొక్కటియేయని వారు చూపిరి. సామాన్యములైన మొక్కలలో నీ మేర 40 డిగ్రీలకు పైగా, 50 డిగ్రీలకు లోపుగా నుండును. ఆకులో నీటిని చీల్చి ప్రాణవాయువును విడిపించు నొక మాంగనీసు కూటమి కలదు. వేడిమికి మొదట దెబ్బతినువానిలో నదియొకటి. బొగ్గుపులుసు వాయువును పట్టుకొను ఎంజైమునకు చైతన్యమిచ్చు సహాయకపదార్థము దానికంటెను సుకుమారమైనది, ఇంకను తక్కువ వేడిమికే మందగించును.

ఎండలో నాకు వేడిమి గాలి వేడిమితో సమానమని తలపరాదు. మట్టికుండ చెమర్చి నీటిని చల్లబరచినట్లే ఆకు తన సన్నని రంధ్రముల గుండ నావిరి విడిచి తన్ను తాను చల్లబరచుకొనును. వేళ్లకు నీరు లేనప్పుడు రంధ్రములు మూసికొనును. అప్పుడాకు గాలికంటె నెన్నియో డిగ్రీలు వేడెక్కును. గాలి 45 డిగ్రీలున్న దినమున నీరులేని యాకు 50 దాటుట వింతకాదు. 2015 మేనెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో వడగాలికి వేయిమందికి పైగా మనుష్యులు మరణించిరి. మనుష్యుల లెక్క పత్రికలలో వచ్చెను. ఆకుల లెక్క నెవ్వరు వ్రాయుదురు?

అయితే ప్రకృతి నిర్దయురాలు కాదు. మొక్కకు అలవాటు అనునది యొకటి కలదు. అమెరికాలోని మరణలోయ యను నెడారిలో పెరుగు టైడిస్ట్రోమియా యను మొక్క 47 డిగ్రీల వద్దనే మిక్కిలి చురుకుగా నాహారము వండుకొనునని 1972లో బ్యోర్క్‌మాన్ మొదలగువారు తెలిపిరి. ఒకే జాతి మొక్కలలోను, మెల్లగా ఎండకు అలవడినదానికి ఆ సడలు మేర కొంత పైకి జరుగును. నీడలో పెరిగిన దానిని హఠాత్తుగా ఎండలో పెట్టినచో దాని కాయవకాశము చిక్కదు. తగినంత యలుగు లేని చెరువులోనికి వరద వచ్చినట్లగును. పందిరి విప్పిన తమలపాకు తీగెను చదువరు లిక్కడ జ్ఞాపకము తెచ్చుకొందురు గాక.

చలి చేయు కీడు వేరొక రీతిది. చలికాలపు టుదయమున మన యింటి నేయి పేరుకొనును, నువ్వులనూనె పేరుకొనదు. ఆకులోని సన్నని పొరలును కొవ్వులతో నేయబడినవే. నేతివంటి కొవ్వులు హెచ్చుగా నున్న పొరలు చలికి బిరుసెక్కును. నూనెవంటివి హెచ్చుగా నున్నవి మెత్తగా నుండును. 1992లో జపాను పండితుడు మురాటా మొదలగువారు పొగాకు మొక్కలలోని కొవ్వుల పాళ్లను మార్చి, అవి చలికి తాళుశక్తియు దానితో మారునని నిరూపించిరి. మరియు చలిలో ఎంజైములు మందగించును కాని వెలుగు మందగించదు. సూర్యుడు చెరువును నింపుచునే యుండును. పొలము మాత్రము నీటిని పుచ్చుకొనదు. అప్పుడు తూము తలుపే విరిగిపోవును. విరిగిన తలుపును ఆకు ప్రతిదినమును బాగుచేసికొనగలదు కాని చలిలో నా మరమ్మతు కూడ సాగదు. కావుననే చలిరాత్రి తరువాత వచ్చు తీక్ష్ణమైన యెండ ఆకులకు మిక్కిలి యపాయకరము. మన్యములో చింతపల్లి, లంబసింగి ప్రాంతములందు శీతకాలపు రాత్రి వేడిమి సున్న డిగ్రీల సమీపమునకు దిగుటయు కలదు. అక్కడ నీడచెట్ల క్రింద కాఫీ పెంచుట వేసవికి మాత్రమే కాక యిట్టి యుదయములకును ఉపయోగించును.

మా మామిడి సంగతి విడువరాదు. ఇజ్రాయేలు, అమెరికా దేశముల పరిశోధకులు కొందరు మామిడిమొక్కల నొక రాత్రి చలికి గురిచేసి, మరునాడు గమనించిన ఫలితమును 2000లో ప్రకటించిరి. ఉదయమున ఆకు బాగుగనే యున్నట్లుండి, మధ్యాహ్నమునకు పని మందగించినదట. రాత్రి తగిలిన దెబ్బ పగటి నడిమిని బయటపడినదన్నమాట. దెబ్బ తగిలిన వేళయు, బాధ కనబడు వేళయు వేరు. మధ్యాహ్నము వాడిన చెట్టును చూచి మధ్యాహ్నము చెట్టుదాపున నడచినవారిని నిందించు లోకమున కింతకంటె మంచి పాఠ మేమున్నది?

పైరుల విషయముననైతే ఈ శాస్త్రము రైతునకు పనికివచ్చు దారి పట్టినది. 1996లో ప్రకటితమైన యొక పరిశోధనలో వేరుసెనగ, సోయా, కంది, సెనగ అను నాలుగు పప్పుజాతి పైరుల ఆకులను వేడిమికి పెట్టి, ప్రతిదీప్తిచేతను పొరల గట్టితనముచేతను పరీక్షింపగా, వేరుసెనగ అన్నిటికంటె నెక్కువ తాళినదనియు, సెనగ అన్నిటికంటె తక్కువ తాళినదనియు తేలెను. వేరుసెనగను అనంతపురపు టెర్రనేలలలో ఎండకాలమునకు దగ్గరగాను, సెనగను శీతకాలపు నల్లరేగడిలోను పండించు మన పెద్దల యనుభవమునకు ఆ లెక్క సరిపోయినది. అనుభవమును గౌరవించుటకును, మూఢవిశ్వాసమును విడుచుటకును శాస్త్రమొక్కటియే కొలబద్దయని దీనివలన తెలియును.

ఈ చరిత్రలో భారతీయుల స్థానము చిన్నది కాదు. 1932లో అలహాబాదులో జన్మించిన గోవిందజీ గారు అమెరికాకు పోయి, జీవితమంతయు నీ వెలుగును శోధించి, దాని చరిత్రమును వ్రాసి యుంచిరి. మన సీమలో 1954లో వెలసిన తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున ఆచార్య వి. ఎస్. రామదాసు గారు ఆకుల యాహారసంపాదనమును పరిశోధించు నొక పాఠశాలయే నెలకొల్పినట్లు శిష్యులను తయారుచేసిరి. వారి శిష్యులు ఆచార్య ఎ. ఎస్. రాఘవేంద్ర గారు హైదరాబాదు విశ్వవిద్యాలయమున నా కృషిని కొనసాగించిరి. హైదరాబాదులో 1985లో నేర్పడిన మెట్టసేద్యపు కేంద్రపరిశోధనాలయము, 2011లో ఆరంభమైన యొక దేశవ్యాప్త ప్రణాళికకు నాయకత్వము వహించి, మారుచున్న శీతోష్ణములకు పైరులను సిద్ధపరచు మార్గములను వెదకుచున్నది. ఆ 2011లోనే జపానువారి కృత్రిమోపగ్రహము కొనివచ్చిన కొలతలనుండి భూగోళము మీది యాకులన్నిటి యెర్రని ప్రతిదీప్తిని పటములుగా గీసిరి. మన పెరటి మొక్క విడుచు నూట ఆకాశమునుండియు కొలువబడుచున్నది.

ఇంత చెప్పిన పిమ్మట నొక జాగ్రత్తయు చెప్పవలసియున్నది. ఆకు వెలుగు బాధ కలదని చెప్పును. బాధకు కారకు లెవ్వరని దానంతట నది చెప్పదు. వేడిమి, చలి, నీటికొరత, తెగులు, వీనిలో దేనివలననైనను ఆ 0.83 తగ్గవచ్చును. సాక్షి న్యాయాధిపతి కాడు. సాక్ష్యము విన్న పిదప విచారణ చేయవలెను: నీడ యెప్పుడు పోయినది, నీ రెప్పుడు పోసితిమి, రాత్రి యెంత చలి, ప్రక్కతీగె యెట్లున్నది? వియన్నా వైద్యుడు మరచినది యీ ప్రక్కతీగెనే. ఒక్కటి మాత్రమే మారి, తక్కినవన్నియు సమానముగా నున్న రెండింటిని పోల్చి చూడనిదే యే నిందయు నిలువదు. ఈ పద్ధతికి యంత్రము కూడ నక్కరలేదు. నిష్పక్షపాతమైన బుద్ధి చాలును.

నాటి పెరటిలో నిట్టి విచారణ జరిగియున్నచో ఏమి తేలెడిది? తీగెలో గోడనీడన నున్న కొన్ని యాకులు పచ్చగనే మిగిలినవని మాకు బాగుగ జ్ఞాపకము. కోడలి యడుగే కారణమైనచో అవి యేల మిగులవలెను? పందిరి విప్పిన మేరకే యెండ పడినది. ఎండ పడిన మేరకే ఆకులు మాడినవి. సాక్ష్య మెదుటనే యుండెను. చదువుటకే యెవ్వరును లేకపోయిరి. ఆ యమ్మాయి యా వేసవి గొడ్లపాకలో గడపినది. ఎన్ని వేసవులు గడపినదో మాకు తెలియదు. ఆ తీగె మరుసటి వానలకు చిగిర్చినది.

పెనుగంచిప్రోలు మా జిల్లాలోనిదే. ఆ యూర 1877లో జన్మించిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు, ప్రకృతిశాస్త్రములు తెలుగున లేనిచో తెలుగువారి యిండ్లలో వెలుగు లేదని తలంచి, మిత్రులతో కలిసి 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. వారి యుద్దేశము పండితులను మెప్పించుట కాదు, పెరటిలో నిలిచి మొక్కను చూచు గృహిణి చేతికి శాస్త్రము నందించుట. ఆ పని ముగిసినదని మేము చెప్పజాలము. నేటికిని తులసికోట దాపునకు, కరివేప మొదటికి, మల్లెపందిరి క్రిందికి పోవలదని నెలకు మూడు దినములు ఆడుబిడ్డలను ఆపు ఇండ్లు మనకు తెలిసినవే. ఆ యిండ్లలో చదువుకొన్నవారును ఉన్నారు. జీవశాస్త్రమున మంచి మార్కులు తెచ్చుకొన్నవారును ఉన్నారు.

చదువరులారా, ఈ వేసవి మీ పెరటి తీగె వాడినచో, ముందుగా తల యెత్తి చూడుడు. నీడ యున్నదా? పాదు తాకి చూడుడు. తడి యున్నదా? లేనిచో సాయంకాలము నీరు పోసి, పాదుపై ఎండుటాకులు పరచి, పైన తాటాకు కప్పుడు. ఆ పని మీ యింటి కోడలిచేతనే, ఆమె కే దినమైనను సరే, చేయింపుడు. తీగె చిగురించుట ఆమెయు, ఆమె యత్తగారును కలిసి చూతురు గాక. ఆకు తన సాక్ష్యమును ఎర్రని వెలుగుతో నెల్లప్పుడును పలుకుచునే యున్నది. వినుట మన వంతు.